తుపాకీ మందుకు డేటా వెతకొద్దు, డేటా ఉన్న మందు కొనండి

"అరుదైన తూటాకు లోడ్ డేటా దొరక్కపోతే కంగారెందుకు? దాదాపు అంతే కేసు ఉన్న ఇంకో తూటా డేటా తీసుకో, పది శాతం తగ్గించు, ప్రెషర్ గుర్తులు కనిపించేదాకా అర గ్రెయిన్ చొప్పున పెంచుకుంటూ పో. పుస్తకాల్లో అంకెలన్నీ లాయర్లకు భయపడి తగ్గించినవే."

సొంతంగా తూటాలు లోడ్ చేసుకునేవాళ్ల మధ్య ఈ సలహా ఏళ్ల తరబడి తిరుగుతోంది. తూటా అంటే ఇత్తడి డొల్ల (కేసు), దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన బులెట్, అన్నీ కలిపి. ఏ తూటాలో ఏ మందు ఎన్ని గ్రెయిన్ల బరువు వేయాలో చెప్పేది లోడ్ డేటా. పీడనం మితిమీరిందని పేల్చిన కేసు మీద కనిపించేవి ప్రెషర్ గుర్తులు. చేయి తిరిగినవాడి మాటలా వినిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు ఇట్టే నమ్ముతారు. ముక్కలు ముక్కలుగా విడదీసి చూస్తే ఇందులో నిలబడేది చాలా తక్కువ.

మొదటి ముక్క, "కేసు ఒకేలా ఉంటే డేటా ఒకటే." 7×57, 7×57ఆర్ తూటాలను పక్కపక్కన పెట్టి చూడండి. కేసులో పట్టే మందు దాదాపు అంతే. పైకి కనిపించే తేడా అడుగున ఉన్న అంచు ఒక్కటే. అయినా యూరప్‌లో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సీఐపీ మొదటిదానికి 390 మెగాపాస్కళ్ల పీడనం అనుమతిస్తే, అంచున్న రెండోదానికి 340 దగ్గరే ఆపేసింది. కారణం కేసు కాదు, తుపాకీ. అంచున్న తూటాలను ఎక్కువగా పేల్చేది మధ్యలో మడిచి లోడ్ చేసే తుపాకుల్లో, జంట గొట్టాల రైఫిళ్లలో. వాటి తాళం బోల్ట్ యాక్షన్ (కడ్డీలాంటి బోల్ట్‌ను చేత్తో నెట్టి తిప్పి మూసే రైఫిల్) అంత ఒత్తిడి మోయలేదు. 9.3 మిల్లీమీటర్ల తూటాల్లోనూ ఇదే కథ. ఓట్టో బాక్ 1905లో బెర్లిన్‌లో రూపొందించిన 9.3×62కు 390, పొడవాటి 9.3×74ఆర్‌కు 340. కేసు పెద్దది, పరిమితి తక్కువ. పక్క తూటా డేటా అరువు తెచ్చుకునేవాడు ఈ 50 మెగాపాస్కళ్ల తేడాను చూడనే చూడడు.

అమెరికాలోనూ అంతే. .30-06 తూటా వంశంలోనే పుట్టిన .270 వించెస్టర్‌కు అక్కడి తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ 65,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఇచ్చింది. దాని చిన్నాన్న కొడుకు లాంటి .280 రెమింగ్టన్‌కు 60,000 మాత్రమే. 1957లో .280 వచ్చింది సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మోడల్ 740 కోసం. ఆ తుపాకీ పుట్టుక ఆ అంకెలో ఇప్పటికీ ఉంది. .45-70 సంగతి ఇంకా విచిత్రం. ఒకే పుస్తకంలో ఒకే తూటాకు మూడు వేర్వేరు పట్టికలు ఉంటాయి. అంత బలం లేని పాత ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కు ఒకటి, లివర్ యాక్షన్లకు ఒకటి, బలమైన సింగిల్ షాట్లకు ఒకటి. మూడోదాన్ని చూసి మొదటిదానిలో పేల్చితే ఏమవుతుందో విడమర్చి చెప్పక్కర్లేదు.

బయటి కొలతలు ఒకేలా ఉన్నంత మాత్రాన లోపల కూడా ఒకేలా ఉంటుందనుకోవద్దు. ఇత్తడి గోడ మందం కంపెనీని బట్టి మారుతుంది, సైన్యం కేసుల్లో తరచూ ఎక్కువ ఉంటుంది. పేల్చిన కేసులో అంచుదాకా నీళ్లు పోసి తూకం వేస్తేనే అసలు చోటెంతో తెలుస్తుంది. బులెట్ కూడా అంతే. సీసం గుండె ఉన్న బులెట్‌కు ఇచ్చిన డేటాను అదే బరువున్న పూర్తి రాగి బులెట్‌కు వాడకూడదు. రాగి తేలిక కాబట్టి ఆ బులెట్ పొడుగ్గా ఉంటుంది, కేసులోకి లోతుగా దిగి చోటు తినేస్తుంది, గొట్టం గాడుల్లో కొరుక్కుపోయే తీరూ వేరు.

రెండో ముక్క, "పది శాతం తగ్గిస్తే చాలు." పరీక్షించిన గరిష్ఠం నుంచి పది శాతం తగ్గించడం మంచి అలవాటే. కానీ అది అదే తూటా, అదే మందు, అదే బులెట్ ఉన్నప్పటి మాట. పరాయి తూటా గరిష్ఠం నుంచి తగ్గించిన పది శాతం ఎక్కడికి చేరుతుందో ఎవరు కొలిచారు? పైగా మందు ఎంత శాతం మారితే పీడనం అంతే శాతం మారదు, అంతకంటే ఎక్కువ మారుతుంది. తగ్గించడమే ప్రతిసారీ క్షేమం అనుకోవడమూ పొరపాటే. హెచ్110 మందును 3 శాతం మించి తగ్గించొద్దని హాడ్జ్‌డన్ కంపెనీ హెచ్చరిస్తుంది. అదే కంపెనీ హెచ్4895ను మాత్రం ప్రచురించిన గరిష్ఠంలో 60 శాతం దాకా దించుకోవచ్చంటుంది. నెమ్మదిగా కాలే మందును పెద్ద కేసులో మరీ తక్కువ వేస్తే పీడనం ఉన్నట్టుండి విపరీతంగా ఎగసే ప్రమాదం ఉంది. కాబట్టి ఎంత తగ్గించవచ్చో మందు చెప్పాలి, మన ధైర్యం కాదు.

ఈ సలహాకు తోకగా ఇంకో మాట వస్తుంటుంది. "ఆ మందు దొరక్కపోతే బర్న్ రేట్ పట్టికలో దాని పక్కనున్నది వాడు." మందులను కాలే వేగం ప్రకారం పేర్చిన ఆ పట్టిక వరుస మాత్రమే చెబుతుంది, దూరం చెప్పదు. 20వ స్థానానికీ 21వ స్థానానికీ మధ్య వెంట్రుకవాసి ఉండవచ్చు, పెద్ద అగాధమూ ఉండవచ్చు. కేసు మారితే వరుసే తారుమారు కావచ్చు. ఒకే అంకె ఉన్నా ఒకే మందు కాదు. హెచ్4350, ఐఎంఆర్ 4350, ఆక్యురేట్ 4350 మూడూ వేర్వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగులు సైనిక మందుగా హాడ్జ్‌డన్ అమ్మిన 4831 పేరునే ఐఎంఆర్ బ్రాండ్ తర్వాత తన మందుకూ పెట్టుకుంది. అది హెచ్4831 కంటే వేగంగా కాలుతుంది. అంకె చూసి డబ్బా తీసేవాడికి ఇంతకంటే పెద్ద ఉచ్చు లేదు.

మూడో ముక్క అన్నిటికంటే ప్రమాదకరం. "ప్రెషర్ గుర్తులు కనిపించేదాకా పెంచు." ప్రైమర్ చదును కావడం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం) ముద్ర పడటం, బోల్ట్ బిగుసుకోవడం. ఈ గుర్తులు ఇత్తడి, ప్రైమర్ లోహం లొంగిపోతున్నాయని చెబుతాయి. తుపాకీ పరిమితి గురించి వాటికేమీ తెలియదు. ఇప్పటి రైఫిల్ కేసులు సుమారు 65,000 పీఎస్ఐ దాటాకే స్పష్టంగా లొంగడం మొదలుపెడతాయి. .45-70కు సామీ పరిమితి 28,000. అంటే ఆ తూటా విషయంలో గుర్తుల కోసం ఎదురుచూడటమంటే, అనుమతించినదానికి రెట్టింపు పీడనం కోసం ఎదురుచూడటమే. ప్రైమర్ గట్టిదైతే 65,000 దగ్గరా గుండ్రంగానే కనిపిస్తుంది, మెత్తదైతే మామూలు లోడ్‌కే చదునవుతుంది. గుర్తు కనిపిస్తే ఆపాలి, అందులో వాదన లేదు. కనిపించకపోతే క్షేమం అనే అర్థం మాత్రం దానికి లేదు.

బులెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దీనికంటే నయం. పరీక్షించిన డేటాలో అంత పొడవు గొట్టానికి ఇచ్చిన వేగాన్ని మీ లోడ్ దాటేస్తుంటే, ఆ అదనపు వేగం ఊరికే రాలేదు, పీడనం పెరిగింది.

ఇక లాయర్ల సంగతి. పాత పుస్తకాల్లో కొన్ని లోడ్లు నేటి గరిష్ఠం కంటే ఎక్కువే, నిజమే. కానీ అప్పట్లో పీడనం కొలిచింది రాగి ముక్క ఎంత నలిగిందో చూసి, అదీ కొలిచినప్పుడు. ఇప్పుడు పీజో సెన్సార్ పీడనం ఎక్కే దిగే గీతంతా చూపిస్తుంది. రాగి ముక్క తప్పించుకోనిచ్చిన శిఖరం దీనికి దొరుకుతుంది. రెండు కొలతల మధ్య లెక్కకట్టే సూత్రం కూడా లేదు. .30-06కు రాగి లెక్కలో 50,000, పీఎస్ఐలో 60,000. .270కు 52,000, 65,000. 8 ఎంఎం మౌజర్‌కు వచ్చేసరికి రాగి లెక్కలో 37,000, పీఎస్ఐలో 35,000, తలకిందులు!

ఆ 8 ఎంఎం దగ్గర మాత్రం ఎదుటివాళ్లకు సగం న్యాయం చేయాలి. అమెరికా అంకె నిజంగానే చాలా తక్కువ. అదే తూటాకు, యూరప్ పేరు 8×57ఐఎస్, సీఐపీ 390 మెగాపాస్కళ్లు, అంటే దాదాపు 56,500 పీఎస్ఐ ఇస్తుంది. కానీ దాని వెనకున్నది లాయరు భయం కాదు, గొట్టం కొలత. పాత 8×57ఐ రైఫిళ్లు సన్నటి బులెట్‌కు చేసినవి. తర్వాతి లావు బులెట్‌ను పూర్తి పీడనంతో వాటిలో పేల్చితే తుపాకీ మిగలదు. మీ చేతిలో ఉన్నది ఏ గొట్టమో కొలిపించి తెలుసుకున్నాకే యూరప్ పట్టిక తెరవాలి.

"సాఫ్ట్‌వేర్ ఉందిగా" అనేవాళ్లకు ఒక్కటే మాట. క్విక్‌లోడ్ లాంటివి అంచనా వేస్తాయి, కొలవవు. మీ కేసులో పట్టే నీళ్ల బరువు ఇవ్వకుండా అందులో ఉన్న అంకెనే నమ్మితే ఆ అంచనా కూడా మీది కాదు.

మరి డేటా ఎలా దొరుకుతుంది? చాలామంది ఇంట్లో ఉన్న మందు డబ్బా పట్టుకుని దానికి సరిపడే అంకె కోసం తిరుగుతారు. తిప్పి చేయండి. మీ తూటాకు పరీక్షించిన లోడ్ ముందు వెతికి, అందులో చెప్పిన మందు, బులెట్, ప్రైమర్ కొనండి. యూరప్ తూటాలైతే నార్మా, వీటావూరి, ఆర్‌డబ్ల్యుఎస్ పట్టికలు చూడాలి. వాటిలో గ్రాములుంటే 1 గ్రాము 15.43 గ్రెయిన్లు. మార్చాక కాగితం మీద రెండోసారి సరిచూడండి. ఆస్ట్రేలియా కంపెనీ ఏడీఐ తయారు చేసే కొన్ని మందులనే హాడ్జ్‌డన్ వేరే పేర్లతో అమ్ముతుంది. ఏఆర్2209 అంటే హెచ్4350, ఏఆర్2208 అంటే వార్గెట్. ఇది పట్టికలో పక్కపక్కన ఉన్న పొరుగు కాదు, తయారీదారే చెప్పిన బంధుత్వం. కాబట్టి ఏడీఐ డేటా మీకు ఇంకో తలుపు తెరుస్తుంది.

తూటాకు మారుపేర్లుంటే అవి కూడా వెతకండి. .275 రిగ్బీ అంటే 7×57. 1979 తర్వాత కొన్నేళ్ల పుస్తకాల్లో .280 రెమింగ్టన్ "7 ఎంఎం ఎక్స్‌ప్రెస్" పేరుతో ఉంటుంది. దాన్ని 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ అనుకుంటే మాత్రం కొంప మునుగుతుంది. మందు తయారీదారు సాంకేతిక విభాగానికి ఉత్తరం రాస్తే ప్రచురించని డేటా దొరికిన సందర్భాలూ ఉంటాయి. అదీ లేకపోతే ఆ తూటాను లోడ్ చేయకండి. ఫ్యాక్టరీ తూటాలు కొనండి, లేదా పీడనం కొలిచే పరికరాలున్న ప్రయోగశాలకు డబ్బిచ్చి పరీక్షించుకోండి.

ఇంకొకటి, డేటా సరిగ్గా ఉన్నా ప్రమాదం తెచ్చేది. అరుదైన తూటాల కేసులు చాలాసార్లు వేరే తూటా కేసుల నుంచి మలచుకుంటాం. మెడ భాగాన్ని సన్నగా నొక్కినప్పుడు అక్కడి ఇత్తడి మందమవుతుంది. అలా మందమైన మెడ ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే చోటు) ఇరుక్కుంటే బులెట్‌ను వదలడానికి దానికి చోటుండదు, పీడనం అమాంతం పెరుగుతుంది. అందుకే మొదటిసారి పేల్చే ముందే, బులెట్ బిగించాక మెడ బయటి వ్యాసం కొలిచి ఛాంబర్ మెడ కొలతతో పోల్చాలి. తేడా లేకపోతే మెడను లేతులో చెక్కాలి. పేల్చాక ఆ ఖాళీ కేసు మెడలోకి కొత్త బులెట్ ఒకటి వేలితో జారవిడిచి చూడండి. ఒత్తిడి లేకుండా జారిపోవాలి. పట్టుకుంటే మిగిలిన తూటాలు పేల్చకండి.