ఆహార ప్రశ్నావళి గారికి, ఒక విన్నపం

అయ్యా ప్రశ్నావళి గారూ,

నమస్కారం. పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వేంచేశారు. మిమ్మల్ని చేతిలో పట్టుకొచ్చిన అమ్మాయి పాపం ఎండన పడి వచ్చింది, మజ్జిగిస్తే తాగింది. "గత సంవత్సరం ఏది ఎన్నిసార్లు, ఎంత తిన్నారో చెబితే చాలండీ" అంది. చాలట! నిన్న రాత్రి కూరేమిటో చెప్పడానికే మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి చూడాలి.

మామిడిపండ్ల దగ్గరే మొదటి గొడవ. మీ గడులు ఇవీ: ఎప్పుడూ లేదు, నెలకోసారి, వారానికోసారి, వారానికి రెండు మూడుసార్లు, రోజూ. అమ్మ కళ్లజోడు సవరించుకుని "ఏ నెలలో?" అని అడిగింది. మే నెలలో మా ఇంట్లో రసాలు బుట్టలతో దిగుతాయి. మనిషికి రోజుకు నాలుగు, ఆ నెలంతా అన్నానికి రెండో పీటే. నవంబరులో మామిడిపండంటే జ్యూస్ డబ్బా మీద బొమ్మ. ఆ అమ్మాయి సగటు కట్టి 'వారానికి రెండు మూడుసార్లు' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఏడాది పొడుగునా వారానికి రెండు మామిడిపండ్లు తిన్నవాడు మా వంశంలో ఇంతవరకూ పుట్టలేదు. చికెన్ సంగతీ అంతే. కార్తీకమాసం, శనివారాలు తీసేసి, సంక్రాంతి, దసరా కలిపి, అల్లుడొచ్చిన వారాలు వేరేగా రాయాలి.

నెయ్యి ఎన్ని స్పూన్లన్నారు. "అన్నం కలిపితే చెయ్యి మెరవాలి, అంత" అంది అమ్మ. ఆ గడి మీ దగ్గర లేదు. గోంగూర పచ్చడి అర కప్పా, కప్పా అని కూడా అడిగారు. కప్పుతో గోంగూర తినే మహానుభావుడు తగిలితే మాకూ చూపించండి.

ఇక స్వీట్లు. నాన్న పేపరు దించకుండానే "అస్సలు ముట్టను" అన్నారు. అమ్మ పక్కనే కూర్చుని ఉంది, ఇంకేమంటారు? మీరు నమ్మి 'ఎప్పుడూ లేదు' అని రాసుకున్నారు. ఆయన ఫాస్టింగ్ షుగర్ 186. ఇలాంటి నాన్నల్ని వెయ్యిమందిని కంప్యూటర్‌లో వేస్తే ఏం తేలుతుందండీ? తీపి ముట్టనివాళ్లకే షుగర్ ఎక్కువని! పోనీ అబద్ధమాడని మనిషిని తీసుకోండి. మా పెదనాన్న షుగర్ వచ్చాక నిజంగానే తీపి మానేశారు. మీ కాగితం మీద ఆయనా తీపి తినని షుగర్ పేషెంటే. ఏది ముందో, ఏది తరవాతో అందులో ఎక్కడుంది?

మీది పెద్ద వంశమని తెలుసు. అమెరికాలో లక్షకు పైగా నర్సులతో 1976లో మొదలైన అధ్యయనంలోకి 1980లో 61 పదార్థాల జాబితాతో అడుగుపెట్టారు. మనుషుల్ని ఇరవై ఏళ్లు గదిలో పెట్టి కొలిచి తిండి పెట్టలేం కాబట్టి మీరే దిక్కయ్యారు. సరే. కానీ 2013లో షోన్‌ఫెల్డ్, అయోనిడిస్ అనే ఇద్దరు ఓ వంటల పుస్తకం తెరిచి, చేతికందిన 50 దినుసుల గురించి వెతికితే, 40 దినుసులకు క్యాన్సర్‌తో లంకె కట్టిన పరిశోధనలు దొరికాయి. ఒకే దినుసు ఒకచోట క్యాన్సర్ పెంచుతుంది, ఇంకోచోట తగ్గిస్తుంది. వాటిలో ఏది తాజాదైతే అది మా బాబాయి ఉదయం ఆరింటికి ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. ఆ రోజు మా ఇంట్లో కాఫీ ఉంటుందా లేదా అన్నది దాన్నిబట్టే.

గదిలో పెట్టి చూసినవాళ్లూ లేకపోలేదు. 2019లో అమెరికాలోనే 20 మందిని నాలుగు వారాలు ఆసుపత్రి దాటనివ్వకుండా, రెండు వారాలు ప్యాకెట్ల తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. కావలసినంత తినమన్నారు, మిగిలింది తూచారు. ప్యాకెట్ల తిండి పెట్టినప్పుడు రోజుకు 500 కేలరీలు అదనంగా లాగించి, కిలో దాకా పెరిగారు. అక్కడ నాన్న పప్పులు ఉడకవు. కాకపోతే నెల రోజుల్లో గుండెపోటు సంగతి తేలదు, అందుకు మళ్లీ మీ గడపే తొక్కాలి.

మిమ్మల్ని పూర్తిగా తీసిపారేస్తే పాపం చుట్టుకుంటుంది. వనస్పతిలాంటి వాటిల్లో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు గుండెకు చేటని 1993లో ఆ నర్సుల జవాబుల్లోంచే బయటపడింది. అంతకు మూడేళ్ల ముందు నెదర్లాండ్స్‌లో దాన్నే కొలిచి తినిపించి రక్తం పరీక్షించినవాళ్లకూ చెడ్డ కొలెస్ట్రాల్ పెరిగి, మంచిది తగ్గినట్టు కనిపించింది. ఇద్దరూ ఒకే మాట చెప్పారు కాబట్టి నమ్మాం. మన దేశంలో వనస్పతిలో అది 2 శాతం దాటకూడదన్న నిబంధన రావడానికి మాత్రం 2022 దాకా పట్టింది. మీరొక్కరే చెప్పినప్పుడే నాకు టెన్షన్.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఇంటింటి సర్వేలకు కొలత గిన్నెలు పట్టుకెళ్లి "నిన్న ఏం తిన్నారు?" అని అడిగేవాళ్లు. అది కొంత నయం. నిన్నటి అబద్ధం ఏడాది అబద్ధమంత ఉండదు.

ఈసారి వచ్చేటప్పుడు రెండు గడులు కలుపుకురండి: 'మామిడి సీజన్‌లో' అని ఒకటి, 'భార్య పక్కన లేనప్పుడు' అని ఒకటి.

ఇట్లు,
ఫారం చివర సంతకం పెట్టిన కొడుకు

తా.క.: నాన్న స్వీట్ల జవాబు దిద్దుకోండి. పల్లీపట్టి, రోజుకు రెండు. వాటి రేపర్లు స్కూటర్ డిక్కీలో, ఇన్సూరెన్స్ కవరు కింద దొరికాయి. అమ్మకి కాపీ పంపొద్దు.