నూరు దేనారములు చిన్న మొత్తం కాదు

మా సంఘాల్లో పిల్లలకు తలాంతు పరీక్షలు పెడతాం. పాట చక్కగా పాడినవారికి, వాక్యాలు కంఠతా చెప్పినవారికి బహుమతులిస్తాం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ మాట వింటూ పెరిగిన మనకు తలాంతు అంటే నేర్పు అని మాత్రమే తెలుసు. సువార్తల కాలంలో అది వెండిని తూచే బరువనీ, ఒక్క తలాంతు దాదాపు 6,000 దేనారములనీ, ఒక దేనారము కూలివాని ఒకనాటి కూలి అనీ పిల్లలకు చెప్పేవారు తక్కువ. అప్పులు, కూలి, నూనె మణుగులు, గోధుమ తూములు, పోగొట్టుకున్న నాణెం యేసుప్రభువు ఉపమానాల్లో ఎందుకు ఇన్నిసార్లు వచ్చాయో ఆలోచించకుండా, వాటన్నిటినీ పరలోకపు గుర్తులుగా మార్చేసి, మన పెట్టెలోని డబ్బుకు వాటితో పని లేకుండా చేసుకున్నాం. చిత్తూరులో పుట్టి పెరిగి, నలభై ఏళ్లుగా ఒకే ఆలయంలో ప్రసంగాలు వింటున్న విశ్వాసిగా ఇది నన్ను చాలా కాలంగా బాధపెడుతోంది.

మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమానిని చూడండి. తెల్లవారగానే ఒకసారి, తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి, చివరికి సాయంత్రం అయిదింటికి కూడా సంతవీధికి వెళ్లి కూలివారిని పిలిచి, అందరికీ ఒక్కొక్క దేనారమే ఇచ్చాడు. ఆలస్యంగా మారుమనస్సు పొందినవారికీ రక్షణ ఉందని దీనికి అర్థం చెబుతారు. ఆ అర్థం తప్పని నేననను. కానీ తెల్లవారకముందే మన కూడళ్లలో పార, తట్ట పట్టుకుని నిలబడేవారిని చూసినవారికి ఇందులో ఇంకొక సంగతి కనబడాలి. మేస్త్రీలు వచ్చి ముందు బలమైన పడుచువాళ్లను తీసుకుపోతారు. పది దాటేసరికి మిగిలేది వయసు మళ్లినవారు, కాలు సరిగా లేనివారు, చంటిబిడ్డ తల్లులు. సాయంత్రం వరకు ఎందుకు ఊరకే నిలబడ్డారని యజమాని అడిగితే, ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదని వాళ్లు చెప్పిన జవాబులో సోమరితనం ఎక్కడుంది? మామిడి కోతల కాలంలో మనిషి దొరక్క తోట యజమానులు మళ్లీ మళ్లీ ఊళ్లోకి రావడం మన జిల్లాలో అందరమూ చూసిందే. కాబట్టి అయిదోసారి రావడం అర్థమవుతుంది. గంట పనికి నిండు కూలి ఇవ్వడమే అర్థం కాదు. ఆ ఇంటి పొయ్యి మీది కుండకు గంట లెక్క తెలియదన్నది ఆయనకు తెలుసు. సాయంకాలం కాగానే గృహనిర్వాహకుణ్ణి పిలిచి కూలి ఇప్పించాడన్న మాటను కూడా దాటిపోకండి. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండంలో ధర్మశాస్త్రం చెప్పనే చెప్పింది.

మా ఇల్లు కట్టేటప్పుడు ఒక శనివారం సాయంత్రం, చిల్లర లేదన్న కారణంతో, బేల్దారి పనికి వచ్చిన ఇద్దరు ఆడకూలీలను సోమవారం రమ్మని పంపించాను. మరునాడు ఆలయంలో ముందు వరుసలో కూర్చుని కానుక వేశాను. చిల్లర కోసం నాలుగడుగులు వేసి ఉంటే అంగడిలో దొరికేది. వాళ్లు ఆ ఆదివారం ఏం వండుకున్నారో నేను అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని పూటకూళ్ల ఇంటికి చేర్చిన మంచి సమరయుని గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిన కథే. గాయపడినవారిని ఆదుకున్నవారిని కేసుల పేరుతో వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు గనుక, మొగిలి ఘాటులో ప్రమాదం చూసి బండి ఆపకపోవడానికి భయం ఇక సాకు కాదు. నేను చెప్పదలచింది పూటకూళ్లవాని గురించి. సమరయుడు రెండు దేనారములిచ్చి మరునాడు తన దారిన వెళ్లాడు. గాయాలు మానేవరకు ఆ మనిషిని చూసుకున్నది ఆ పూటకూళ్లవాడు. ఒకప్పటి మన చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయరోగులను చేర్చుకున్న మిషన్ శానిటోరియం ఆ పనే చేసింది. మందులు రాని ఆ రోజుల్లో రోగిని నెలల తరబడి ఉంచుకుని, తిండి పెట్టి, కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. అలాంటి ఓపిక ఉన్నవారి పేర్లు ప్రసంగాల్లో వినబడవు.

ఇక నాకు అన్నిటికన్నా కష్టమైన ఉపమానం మత్తయి 18లోని క్షమించని దాసునిది. వాడు రాజుకు 10,000 తలాంతులు బాకీ ఉన్నాడు, తోటిదాసుడు వానికి 100 దేనారములు బాకీ ఉన్నాడు. రాజు వాని అప్పంతా క్షమించినా, వాడు తోటిదాసుణ్ణి చెరసాలలో వేయించాడు. ఈ రెండవ మొత్తాన్ని చిల్లర డబ్బులని తేల్చేసే ప్రసంగాలు నేను ఎన్నో విన్నాను. రోజుకూలి 600 రూపాయలనుకుని లెక్క వేయండి. రాజు వదిలేసింది 3,600 కోట్లు, వాడు వదలలేకపోయింది 60,000. మొదటిది ఏ మనిషీ తీర్చలేనిది, నిజమే. రెండవది మూడు నెలలకు పైబడిన కష్టం. మన ఇళ్లలో 60,000 అంటే పిల్లవాని కాలేజీ ఫీజు. తోటివాణ్ణి క్షమించడం తేలికని ప్రభువు ఎక్కడా అనలేదు. నొప్పి పుట్టేంత మొత్తాన్నే ఆయన ఎంచుకున్నాడు. దానిని చిల్లర అనడం వల్ల, నిజంగా మోసపోయినవారికి, నిజంగా నష్టపోయినవారికి మన ప్రసంగం పనికిరాకుండా పోతోంది.

మా సంఘంలోనే ఒకాయనకు 50,000 చేబదులు ఇచ్చి మూడేళ్లయింది. కనబడినప్పుడల్లా "కొంచెం ఓర్చుకో అన్నా, ఇస్తాను" అనేవాడు. రెండవ దాసుడు అన్నదీ అదే మాట. అంతకుముందు మొదటి దాసుడు రాజు కాళ్ల మీద పడి అన్నదీ దాదాపు అదే. తన నోటి మాటే ఎదుటివాని నోట విని కూడా వాడు గుర్తుపట్టలేకపోయాడు. నేనూ గుర్తుపట్టలేదు. నలుగురిలో ఆయన్ను అడిగాను. ఆ తరువాత ఆయన ఆలయానికి రావడం మానేశాడు.

పోయిన నెల ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య కాఫీ ఇచ్చింది, ఆయన తల ఎత్తలేదు. నలుగురిలో అడిగినందుకు క్షమించమన్నాను. సగం వదిలేస్తున్నానని చెప్పి, పాత ప్రోనోటు చించేసి, 25,000కు వేరే కాగితం రాయించుకున్నాను. మొత్తం వదిలేయాలనే బయలుదేరాను గానీ, అక్కడ కూర్చున్నాక నాకు మనసు రాలేదు. ఆ రెండవ కాగితం ఇప్పుడు నా బైబిలులో, ఆ అధ్యాయం దగ్గరే ఉంది.