బార్ హాల్ నోటీసు బోర్డు గారికి లీగల్ నోటీసు

విజయవాడ,
కార్తీక బహుళ పంచమి.

వకీళ్లు కూర్చునే బార్ హాల్ గుమ్మం పక్కన, వాటర్ కూలర్‌కి ఎదురుగా గోడకి వేలాడుతున్న నోటీసు బోర్డు గారికి, ఈ ఊళ్లో పదకొండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఒక లేడీ అడ్వకేటు ఇస్తున్న నోటీసు ఏమనగా,

నా క్లయింటు చెప్పిన సంగతులను బట్టి ఈ నోటీసు ఇస్తున్నాను. క్లయింటు ఎవరంటారా, నేనే. ఫీజు మొత్తం ఒక్కసారి ఇచ్చిన క్లయింటు నాకింతవరకు తగల్లేదు, ఈవిడా అంతే. మీరు ప్రభుత్వమైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలలు గడువిచ్చి కూర్చునేదాన్ని. మీరు ప్రభుత్వం కాదు కాబట్టి పదిహేను రోజులిస్తున్నాను.

ఏ సంఘం బోర్డో మాత్రం ఇందులో రాయను. పరువు నష్టం దావా వేసేవాళ్లూ, దానికి కౌంటరు రాసేవాళ్లూ, రెండు వైపులా వాయిదా అడిగేవాళ్లూ అందరూ అక్కడి సభ్యులే.

ముందు మీ షెడ్యూలు, అంటే ఆస్తి వివరం. పొడవు నాలుగడుగులు, ఎత్తు మూడడుగులు. లోపల ఒకప్పుడు ఆకుపచ్చగా ఉన్న గుడ్డ, పైన రెండు అద్దాల తలుపులు, వాటికో బుడ్డి తాళం. హద్దులు: తూర్పున కరెంటు మీటరు, పడమర ఎవరో ఎప్పుడో మర్చిపోయిన గొడుగు, ఉత్తరాన గోడ, దక్షిణాన మేము. తాళంచెవి ఎవరి దగ్గరుందని ప్రెసిడెంటు గారినడిగితే సెక్రటరీ దగ్గరన్నారు. సెక్రటరీ గారినడిగితే లైబ్రేరియన్ దగ్గరన్నారు. లైబ్రేరియన్ రిటైరై రెండేళ్లయింది. అందుకని కొత్త కాగితం ఏదొచ్చినా మా అటెండరు అద్దం మూల పగుల్లోంచి స్కేలుతో లోపలికి తోస్తాడు. లోపలికెళ్లిన కాగితం ఇక బయటికి రాదు. పంపకాల దావా లాంటివారు మీరు.

మీ నెత్తిన పెద్దక్షరాలతో 'రాబోయే కార్యక్రమాలు' అని ఉంటుంది. దాని కింద ఉన్నది ఉగాది కవి సమ్మేళనం. మనమున్నది కార్తీకం. అదేంటి సార్ అని మా సీనియర్ గారికి చూపిస్తే కళ్లజోడు సవరించుకుని చూసి, "వచ్చే ఉగాది అయ్యుంటుందమ్మా, తొందరెందుకు" అన్నారు. ముప్ఫై ఏళ్లు సివిల్ సైడే చేసిన మనిషి. ఆయనకి కాలం అలాగే కనిపిస్తుంది.

ఇక అసలు ఫిర్యాదు. 2024 జులై 1న పాత ఐపీసీ, సీఆర్‌పీసీల బదులు భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకొచ్చాయి. నోట్లో నానిపోయిన నంబర్లన్నీ ఒక్క రాత్రిలో మారిపోయాయి. హత్యకి 302 కాస్తా 103 అయింది. ఫోర్‌ట్వంటీ పోయి 318లో నాలుగో సబ్ సెక్షన్ అయింది. (ఎవడినైనా "వాడొట్టి మూడొందల పద్దెనిమిదిలో నాలుగు" అని తిట్టి చూడండి, తిట్టినట్టుంటుందా?) వీటన్నిటికంటే నన్ను ముంచింది 482. నిన్నటిదాకా ఆ నంబరంటే కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే పిటిషను. ఇప్పుడు అదే నంబరు ముందస్తు బెయిలు. కొట్టేయమనేదేమో 528కి వెళ్లిపోయింది. "482 వేద్దామండీ" అని క్లయింటుకి చెప్పి, ఏది వేయబోతున్నానో నాకే టెన్షన్ పట్టుకున్న రోజులవి.

సరిగ్గా అప్పుడు మీలో 'నూతన నేర చట్టాలపై అవగాహన సదస్సు, సాయంత్రం 4.30 గంటలకు, సభ్యులందరూ ఆహ్వానితులే' అని కనపడింది. చందా కడుతున్నందుకు ఇన్నాళ్లకి ఒక పనికొచ్చే కాగితం చూశాననుకున్నాను. కొత్త నోట్‌బుక్ కొనుక్కుని నాలుగుంపావుకే వెళ్లి రెండో వరసలో కూర్చున్నాను. ఆహ్వాన పత్రంలో పదిహేడు పేర్లున్నాయి. సదస్సు దేని గురించో అన్నిటికంటే అడుగున, మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేటంత అక్షరాల్లో ఉంది.

మైకు 5.10కి వచ్చింది. జ్యోతి ప్రజ్వలనకి ఫ్యాన్లు ఆపారు, అయినా వత్తి అంటుకోలేదు. నూనె పోయడం మర్చిపోయారు. నూనె కోసం మనిషిని పంపి, ఈలోగా పెద్దలని ఒక్కొక్కరినే "వేదికను అలంకరించవలసిందిగా" పిలిచారు. పద్నాలుగో ఆయన ఎక్కేసరికి పైన కుర్చీలు చాలలేదు. ఒకతను దిగొచ్చి, "మేడం, ఒక్క నిమిషం" అని నేను కూర్చున్న కుర్చీ పట్టుకుపోయాడు. ఆ నిమిషం ఇంకా అవ్వలేదు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. అక్కణ్ణుంచి వేదిక బాగా దగ్గరగా కనపడింది, ఆ మాట ఒప్పుకోవాలి. శాలువాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరికీ శాలువా, దండ, మెమెంటో, ఫోటో, ఫోటోలో సెక్రటరీ గారు కళ్లు మూసుకున్నారని ఇంకో ఫోటో. నాలుగో అతిథికి కప్పిన శాలువా అంచున ఎర్రగా వేలిముద్రంత మరక ఉంది. మొదటి అతిథి నుదుటి కుంకుమ తుడిచింది ఆ శాలువాతోనే. వేదిక వెనక నుంచి మడతపెట్టి మళ్లీ పంపుతున్నారన్నమాట. మా సంఘంలో పొదుపు లేదని ఎవరన్నారు?

అసలు వక్త గారికి మైకు 7.05కి దక్కింది. సమయాభావం వల్ల క్లుప్తంగా ముగిస్తానన్నారు. చట్టాలు మారాయి, మనమూ మారాలి అన్నారు. రైలు టైమైందని దిగిపోయారు. మొత్తం తొమ్మిది నిమిషాలు, దండ తీసి పక్కన పెట్టిన టైముతో కలిపి. తర్వాత మైసూరు బజ్జీ, టీ. బజ్జీ బాగుంది. నాకు 482 సంగతి మాత్రం మర్నాడు బెంచి క్లర్కు గారు పిటిషను వెనక్కిస్తూ చెప్పారు. నిలబెట్టే చెప్పారు, ఉచితంగా, శాలువా లేకుండా.

ఇక సభ్యత్వం. బయటివాళ్లకి రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ, బార్ కౌన్సిల్ వేరు, బార్ అసోసియేషన్ వేరు. మొదటిది చట్టం పెట్టింది, అక్కడ పేరు లేకపోతే నల్లకోటే లేదు. రెండోది మనం పెట్టుకున్నది. మొదటిదానికి 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మొత్తం కలిపి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125. అంతకు మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చింది. మేమంతా అంతకి ఎన్నో రెట్లు కట్టి వచ్చిన బ్యాచ్. ముందు కట్టినవాళ్లకి తిరిగివ్వనక్కర్లేదని కూడా అదే తీర్పులో ఉంది. నా క్లయింటు ఆ పేరా ఒక్కటీ నాలుగుసార్లు చదివింది, ఏమైనా మారుతుందేమోనని.

అసోసియేషన్ చందా సంగతికొస్తే, గడువు దాటిన పది రోజులకి కట్టడానికి వెళ్లాను. ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషను వేయనా అని సరదాగా అన్నాను. క్లర్కు నవ్వలేదు. రిజిస్టరు తిప్పి, "మీది కట్టేశారు కదా మేడం" అన్నాడు.

"ఎవరు?"

"అన్నగారు."

ఏ అన్నగారో అక్కడ ఎవరూ అడగరు. సంఘం ఎన్నికలు దగ్గరపడ్డాయంటే అందరికీ ఒక అన్నగారు పుడతారు. సాయంత్రానికి ఫోనే వచ్చింది: "చెల్లెమ్మా, రశీదు అందిందా? ఏం లేదు, మనింటి మనిషివని." మా ఇంట్లో మా అన్నయ్య నా స్కూటీకి పెట్రోలు కూడా పోయించడు. ఈయనేమో అడక్కుండానే ఏడాది చందా కట్టాడు. మర్నాడు వెళ్లి, ఆ రశీదు రద్దు చేసి నా డబ్బు తీసుకోమన్నాను. రద్దు చేయాలంటే కట్టినాయన లెటరు కావాలన్నాడు క్లర్కు. నేనిచ్చింది, ఏ పద్దో తేలని డబ్బు వేసే సస్పెన్స్ ఖాతాలో వేశాడు. వారం తర్వాత అన్నగారికి నేను అటు వైపు మనిషినని ఎవరో చెప్పారు, ఆయనది ఆయన వెనక్కి తీసుకున్నారు. నాది ఇంకా సస్పెన్స్‌లోనే ఉంది. ఆ విధంగా ఒకే ఏడాదికి రెండు చందాలు కట్టబడిన నేను మీ అద్దాల వెనక బాకీదారుల జాబితాలో ఉన్నాను.

ఎన్నికల రోజు మీ ముందు నిలబడి చూశాను. పదకొండేళ్లలో ఒక్క కోర్టు హాల్లోనూ చూడని మొహాలు. ఒకాయనది రైసు మిల్లట, ఇంకొకాయనది కంకిపాడు వైపు వెంచర్లట. కోట్లు నిగనిగలాడుతున్నాయి, కలరా ఉండల వాసన కూలర్ దాకా కొట్టింది. తమ దగ్గరి బార్ ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు 2011లోనే 'ఒక బారు, ఒక ఓటు' అంది, నాలుగు బార్లలో సభ్యత్వముంటే నాలుగు చోట్లా ఓటేయడం కుదరదని. ఆ తీర్పు జిరాక్సు ఎవరైనా మీలోకి తోస్తే బాగుండేది. బిర్యానీ టోకెన్ల కౌంటరు ఎటు వైపో చెప్పే బాణం గుర్తు మాత్రం తోశారు.

పగుల్లోంచి వచ్చే కాగితాల్లో అన్నిటికంటే వేగంగా వచ్చేది విధుల బహిష్కరణ. వకీళ్లకి సమ్మె హక్కు గానీ, బహిష్కరణకి పిలుపునిచ్చే హక్కు గానీ లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని మేము సమ్మె అనం, "విధులకు దూరంగా ఉందురు" అంటాం. మొన్న అలాంటి రోజునే తిరువూరు అవతల పల్లెటూరి నుంచి మా పెద్దాయన వచ్చాడు. మోటారు ప్రమాదం కేసు, కొడుకు పోయిన కేసు. పొద్దున్నే మొదటి బస్సెక్కి, చేతిలో స్టీలు క్యారేజీతో. ఇవాళ కోర్టు జరగదు బాబాయ్ అన్నాను.

"ఎవరు పోయారమ్మా?" అనడిగాడు, కండువా తీసి చేత్తో పట్టుకుంటూ. సంతాపం రోజులు ఆయనకలవాటే.

"ఎవరూ పోలేదు."

"పోన్లే, మంచిదే" అని క్యారేజీ విప్పి అక్కడే, మీ కిందే, తిన్నాడు. ఆ తీర్మానానికి చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. నోటీసులో ఇది రాయకూడదు, అడ్మిషన్, అంటే తప్పు ఒప్పుకోలు, అవుతుంది. అయినా రాస్తున్నాను.

డిసెంబరు 3 రాబోతోంది, బాబూ రాజేంద్ర ప్రసాద్ జయంతి, న్యాయవాదుల దినోత్సవం. స్వాతంత్ర్యం తెచ్చింది వకీళ్లేనని ఉపన్యాసాలుంటాయి, నిజమే కూడా. ఈ ఊరి వకీలు అయ్యదేవర కాళేశ్వరరావు గారు సహాయ నిరాకరణలో ప్రాక్టీసే వదిలేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకి తొలి స్పీకరయ్యారు. ఇప్పుడాయన పేరు చెబితే ఆటో తిన్నగా కూరగాయల మార్కెట్‌కి పోతుంది. ఆయన మొత్తం వదిలేశారు. మేము మధ్యాహ్నం దాకా వదులుతాం.

మార్చి 8కి మీ అలంకరణ వేరు, గులాబీ రంగు కాగితం. ముగ్గుల పోటీ, మ్యూజికల్ చెయిర్స్. (కుర్చీ లాక్కుపోవడంలో నాకున్న అనుభవం వల్ల రెండోదాంట్లో పాల్గొనలేదు.) స్త్రీలు ప్లీడర్లు కావచ్చని 1923లో చట్టమొచ్చింది. వందేళ్లు దాటాక 2024 మే 2న సుప్రీంకోర్టు తన బార్ అసోసియేషన్ కార్యవర్గంలో మూడో వంతు స్త్రీలకివ్వమంది. మా దగ్గర 'లేడీ రిప్రజెంటేటివ్' అని ఒక పోస్టుంది. ముఖ్య అతిథికి బొకే అందించడం ఆవిడ పని. లేడీస్ రూము బాత్రూము తాళంచెవి మీ తాళంచెవి ఉన్న గుత్తిలోనే ఉందని విన్నాను. కాబట్టి మనిద్దరం సహవాదులం కావాల్సింది, ఖర్మ కొద్దీ మీరు ప్రతివాది అయ్యారు.

జూనియర్లకి పట్టణాల్లో నెలకి కనీసం 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇమ్మని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సిఫార్సు చేసింది. తప్పనిసరి కాదు, సిఫార్సే. ఆ కాగితం మీలో పెట్టమని మా ఆఫీసు జూనియర్ ఇచ్చింది. స్కేలు కనపడ్డంలేదన్నాడు అటెండరు. సీనియర్లెవరో పట్టుకెళ్లారట.

అన్నీ తిట్లే రాస్తే పక్షపాతం అంటారు. కార్తీక వనసమారాధన మాత్రం మీరు చెప్పిన రోజున, చెప్పిన తోటలో జరిగింది. కార్తీకమాసమొస్తే ఈ ఊళ్లో కులానికో తోట బుక్కవుతుంది. అందరం ఒకే ఉసిరి చెట్టు కింద ఒకే బంతిలో పులిహోర తిన్నది మా సంఘం దాంట్లోనే. ఎదుటి పార్టీ వకీలు నా విస్తట్లో ఇంకో గారె వేయించారు. అదే బంతిలో వాయిదాకి ఒప్పించారనుకోండి.

కావున, ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లోగా ఆ గుత్తి ఎక్కడుందో చెప్పాలనీ, ఉగాదిని దింపాలనీ, నా చందాని సస్పెన్స్‌లోంచి బయటికి తేవాలనీ, నా కుర్చీ నాకిప్పించాలనీ, లేని పక్షంలో తగిన చర్య తీసుకోబడుననీ తెలియజేయడమైనది. చర్య అంటే ఏంటో మీరడగరు, నేనూ ఆలోచించలేదు.

ఇందుమూలంగా నోటీసు అందలేదనడానికి వీల్లేదు. కాపీని అటెండరు నా కళ్ల ముందే పగుల్లోంచి తోశాడు. స్కేలు లేక నా పెన్నుతో తోశాడు, పెన్ను కూడా లోపల పడిపోయింది. అది కూడా ఇప్పించగలరు.

పేరు విడిగా రాయక్కర్లేదు, మీ దగ్గరే ఉంది: బాకీదారుల జాబితా, మూడో పేజీ, కింది నుంచి ఆరో వరస. ఇంటిపేరులో ఒత్తు తప్పు పడింది.