మందుతో పాటు సెలైన్ సంగతీ చూడాలి
కాన్పు నొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మందు తీసుకుంటే తల్లిపాలు పట్టడం కష్టమేనని ఒక వ్యాసంలో తేల్చేశారు. ఏ మందు, ఎంత మోతాదు, కాన్పుకు ఎన్ని గంటల ముందు అన్నది చూడకుండా ఆ మాట అనలేం. నొప్పి తగ్గించే పెథిడిన్ ఇంజెక్షన్ కాన్పుకు 2, 3 గంటల ముందు పడితే బిడ్డ మగతగా ఉండి నాలుగు గుటకలకే నిద్రపోతుంది. దాని అవశేషం పసి ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది. ఎపిడ్యూరల్‌లో ఫెంటానిల్ అనే నొప్పి మందు తక్కువగా వాడితే ఈ బెడద అంతగా ఉండదు. ఎవరూ పట్టించుకోనిది సెలైన్. కాన్పు సమయంలో తల్లికి సీసాల కొద్దీ ఎక్కిస్తే చనుమొన చుట్టూ నల్లటి భాగం నీరుపట్టి బిగుసుకుంటుంది, బిడ్డ నోటికి చిక్కదు. పాలిచ్చే ముందు చనుమొన మొదట్లో వేళ్లతో ఛాతీ వైపు ఒక నిమిషం మెల్లగా నొక్కి ఉంచితే మెత్తబడుతుంది. అప్పటికీ పట్టకపోతే ముర్రుపాలు చేత్తో పిండి చెంచాతో పట్టాలి. ఆ సెలైన్ నీళ్లు బిడ్డ పుట్టిన బరువులోనూ కలుస్తాయి, అవి పోగానే బరువు తగ్గినట్టు కనిపిస్తుంది. మొదటి రోజు తగ్గిన బరువు ఒక్కటే చూసి డబ్బాపాలు మొదలెట్టేస్తారు కొందరు!