ఏ పేరు తప్పిపోయిందో చూపించండి

ఇప్పుడే మా అక్క కూతురు ఫోన్ చేసి ఏడ్చింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాక్టికల్ పరీక్షలో ఒక లిస్టులోని పేర్లన్నీ వరుసగా ప్రింట్ చేయమన్నారట. 'ఫర్ పేరు ఇన్ పేర్లు' అని మొదలుపెట్టి రెండే వరుసల్లో రాసింది. ప్రోగ్రామ్ నడిచింది, పేర్లన్నీ వచ్చాయి. అయినా సగం మార్కులు కోసేశారు. రేంజ్ (వరుసగా అంకెలిచ్చేది), లెన్ (లిస్టులో ఎన్ని ఉన్నాయో చెప్పేది) రాసి, 'ఐ' అనే వేరియబుల్ పెట్టి ఒక్కో పేరునూ నంబరుతో బయటికి తీయలేదట! "నాది తప్పా పిన్నీ?" అని ఆ పిల్ల అడుగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

నీది తప్పు కాదు తల్లీ. పైథాన్‌లో ఫర్ ఉన్నదే అందుకు. లిస్టు చేతికిస్తే ఒక్కొక్కటీ అదే తీసి ఇస్తుంది. సీ భాషలో మొదలు, షరతు, పెంపు మూడూ మనమే రాయాలి కాబట్టి అక్కడ 'ఐ'తో తిప్పుతాం. ఆ అలవాటు తెచ్చి దీని నెత్తిన రుద్దడం ఏం న్యాయం? వరుస సంఖ్య కూడా కావాలంటే ఎన్యూమరేట్ ఉంది. దాని పేరైనా క్లాసులో ఎత్తలేదు.

రేంజ్(1, 10) రాస్తే 10 ఎందుకు రాదని ఇదే పిల్ల మూడుసార్లు అడిగిందట. "అది అంతే, రాసుకో" అన్నారట. అంతే కాదు! 1982లో డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసం చేత్తో రాసి మరీ దీని గురించి వివరించాడు. మొదటిది కలుపుకొని చివరిది వదిలేస్తే, 10లోంచి 1 తీసేయగానే ఎన్నిసార్లు తిరుగుతుందో తెలిసిపోతుంది: 9 సార్లు. రేంజ్(0, 5) పక్కన రేంజ్(5, 10) పెట్టండి, ఏ అంకే రెండుసార్లు రాదు, ఏదీ జారిపోదు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు లేవు కానీ, నక్షత్రపు గుర్తులతో త్రికోణాలు ప్రింట్ చేసే ప్రోగ్రాములు ఇరవై రకాలు బట్టీ పట్టించడానికి వారాలకు వారాలున్నాయి. ఒక లూపే, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ తిప్పడమే, అర్థం కాని పిల్లలకు లూపులో లూపు!

నా రోజులూ ఇంతే. సీ క్లాసులో ఫర్ బ్రాకెట్ మూసిన వెంటనే సెమికోలన్ పెట్టాను. 1 నుంచి 10 వరకు రావలసిన చోట 11 ఒక్కటే వచ్చింది. ప్రోగ్రామ్‌ను మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ ఏ తప్పూ చూపలేదు. మాస్టారు అది చూసి అందరి ముందూ "నీకు ఈ చదువు రాదు, వేరేది చూసుకో" అన్నారు. ఆ సెమికోలన్ ఒక ఖాళీ పని అనీ, లూపు ఆ ఖాళీనే పదిసార్లు తిప్పిందనీ, ఆగేసరికి 'ఐ' 11 అయిందనీ, నా ప్రింట్ వరుస లూపు బయట పడి ఒక్కసారే నడిచిందనీ చెప్పలేదు. లూపు ఎప్పుడు, ఎందుకు ఆగుతుందో ఆ 11 కన్నా బాగా చూపించే పాఠం ఇంకేముంటుంది? దాన్ని నా అవమానంగా మార్చారు. రెండేళ్లు కీబోర్డు ముట్టుకోలేదు నేను. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఈ పిల్లకు అలా జరగనివ్వను. జవాబు ఫొటో తీసి పంపమన్నాను. రేపు అది పట్టుకుని నేనే వెళ్తాను. ఆ లిస్టులో ఏ పేరు తప్పిపోయిందో చూపించమని అడుగుతాను.