నత్రజని గారికి, లైన్లో 64వ జత చెప్పుల నుంచి

నత్రజని గారూ, అదే నైట్రోజన్ గారూ, నమస్తే అండీ. గుంటూరు అవతల మా ఊళ్ళో యూరియా లైన్లో నిలబడి రాస్తున్నా, నిలబడి అంటే నేను వేపచెట్టు కింద కూర్చున్నా, లైన్లో ఉన్నవి మా నాన్న చెప్పులు. లోడ్ దిగిందంటే తెల్లారకముందే ఆధార్ పట్టుకుని వచ్చాం, మనిషికి ఒక్క కట్టేనంట. 45 కిలోల కట్ట, అందులో తమరు 46 శాతం, అంటే గట్టిగా లెక్కేస్తే 20 కిలోల పైచిలుకు. దానికోసం ఈ తోపులాట! తీరాచూస్తే మా నెత్తిమీద, ముక్కులో, ఆఖరికి ఆ చెప్పుల సందుల్లో ఉన్న గాల్లో కూడా 78 శాతం తమరే.

ఉండి ఏం లాభం లెండి, మా మిరప మొక్క ఎంత మొత్తుకున్నా పలకరు. మీ పరమాణువులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని మూడు బంధాలు వేసుక్కూర్చున్నాయి, మా పెళ్ళిళ్ళలో మూడు ముళ్ళు కూడా అంత గట్టిగా పడట్లా ఈ మధ్య. అవి విప్పాలంటే మా రోహిణి ఎండలు మీకు ఏసీ లెక్క. జర్మనీలో హేబర్ అనే సైంటిస్టు గారు 1909లో ల్యాబ్‌లో చేసి చూపించాడు, 1913కి బాష్ గారు ఫ్యాక్టరీయే పెట్టించాడు, 400 డిగ్రీలు దాటిన వేడి, మామూలు గాలికి 200 రెట్ల ఒత్తిడి, అప్పుడుగానీ తమరు హైడ్రోజన్‌తో కలిసి అమ్మోనియా అవ్వలేదు, ఆ అమ్మోనియాతోనే మా యూరియా. ఇంత బెట్టా?

పోనీ అందరికీ అంతే అనుకుందామంటే, తెనాలి వైపు వరి కోయకముందే చేలో చల్లే మినుములున్నాయే, వాటి వేరు బుడిపెల్లో కాపురముండే రైజోబియం అనే బాక్టీరియా కంటిక్కూడా కనపడదు, అది ఏ కొలిమీ లేకుండా చల్లగా ఆ ముళ్ళు విప్పేస్తది! మినుముకి విస్తరేసి వడ్డించి మిరపకి చెయ్యి కడుక్కోమంటారా, ఇదేం పంక్తిభేదం అండీ?

బెజవాడలో ఇంకో వేషం. మొన్న బంకులో కుర్రాడు "నైట్రోజన్ కొట్టమంటారా సార్, టైర్లు చల్లగా ఉంటాయ్" అన్నాడు, మామూలు గాలి ఫ్రీ, తమరికైతే డబ్బులు. ఆ ఫ్రీ గాలిలో ముప్పాతికకి పైగా ఉన్నదెవరు బాబూ అంటే నావైపు పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. చిప్స్ ప్యాకెట్లో మాత్రం అడక్కుండానే నిండుగా ఉంటారు, అక్కడ మాకు కావాల్సింది చిప్సండీ.

సరే లైన్ కదిలింది, ఉంటా. 63 ఉంది, 65 ఉంది... మా నాన్న చెప్పులేవి?