మెషీన్‌కు లక్షలు, మనిషికి ఆంక్షలు

హైదరాబాద్‌లో ఇప్పుడు కెఫేలకు కొదవ లేదు. జూబ్లీహిల్స్‌లోనో బంజారాహిల్స్‌లోనో పాత బంగళా ఒకటి ఖాళీ అయితే చాలు, కొన్నాళ్లకే అక్కడ కెఫే వెలుస్తోంది. సైనిక్‌పురి, కొండాపూర్ కూడా అదే దారి పట్టాయి. పెద్ద చైన్లు కాదు, ఎవరికి వాళ్లు సొంతంగా పెట్టుకున్నవి. చెట్టు కింద టేబుళ్లు, గోడ మీద చిక్కమగళూరు ఎస్టేట్ పేరు, మెనూలో గింజ పుట్టుపూర్వోత్తరాలు. అన్నీ బాగుంటాయి, ఎస్ప్రెస్సో తప్ప. మెషీన్‌లో కాఫీ పొడి గుండా వేడినీళ్లను ఒత్తిడితో పంపి తీసే చిక్కటి కాఫీ అది. చాలాచోట్ల పనిగట్టుకుని వెళ్లి, పాలూ పంచదారా లేకుండా తాగి చెబుతున్న మాట ఇది.

ఎస్ప్రెస్సోతోనే ఎందుకు తూచాలంటే, దాచడానికి అందులో చోటు లేదు కాబట్టి. కాపచినోలో పాలు తప్పును కప్పేస్తాయి. కోల్డ్ కాఫీలో ఐస్‌క్రీమ్ ఆ పని ఇంకా బాగా చేస్తుంది. ఎస్ప్రెస్సో అంటే రెండు గుక్కలే. ఇటలీలో దీనికోసం ఏకంగా ఒక సంస్థే ఉంది. 7 గ్రాముల పొడి, 9 బార్ల ఒత్తిడి, 25 సెకన్లలో 25 మిల్లీలీటర్లు అని అది లెక్క కట్టి పెట్టింది. మన కెఫేల్లో ఇప్పుడు 18 గ్రాముల వరకూ పొడి వేసి డబుల్ షాట్ తీస్తున్నారు (మెషీన్ నుంచి ఒక్కసారి తీసే ఎస్ప్రెస్సోను షాట్ అంటారు). అయినా పాతిక ముప్పై సెకన్ల లెక్క మారలేదు. అంతకంటే ముందే దిగిపోతే పులుపు, బాగా ఆలస్యమైతే చేదు.

ఆ మధ్య ఒక కెఫేలో కౌంటర్ దగ్గరే నిలబడి చూశాను. మెషీన్ ఇటలీది, లక్షలు పోసి కొన్నది. కుర్రాడు పొడిని తూకం వెయ్యలేదు, ఒకవైపు వాలేటట్టు నొక్కి బిగించాడు. బటన్ నొక్కగానే కుళాయి తిప్పినట్టు బొళబొళా కారింది. పది పన్నెండు సెకన్లలో కప్పు నిండిపోయింది. పైన ఉండాల్సిన క్రెమా, అంటే ఎస్ప్రెస్సో మీది నురగ, పలచగా, తెల్లగా తేలి కళ్లముందే మాయమైంది. నోట్లో పెట్టుకుంటే ఉత్త నిమ్మపులుపు. ‘పొడి ఇంకాస్త సన్నగా పట్టొచ్చు కదా బాబూ, నెమ్మదిగా దిగుతుంది’ అన్నాను. ‘గ్రైండర్ సెట్టింగ్ ముట్టుకోవద్దన్నారు సార్. ఓనర్‌గారు వస్తేనే మారుస్తారు’ అన్నాడు.

జబ్బంతా ఇక్కడే ఉంది. వేయించిన గింజ పాతబడే కొద్దీ షాట్ త్వరగా దిగుతుంది. వాన పడి గాలిలో తేమ పెరిగితే లెక్క మళ్లీ మారుతుంది. అందుకే పని తెలిసిన బారిస్టా (కెఫేలో కాఫీ చేసే మనిషి) పొద్దున్నే ఒకటి రెండు షాట్లు తీసి, తాగి చూసి, పారబోసి గ్రైండర్ సరిచేసుకుంటాడు. ఈ మార్చే హక్కు ఓనర్ జేబులో ఉంటే, ఆయన కోకాపేటలో రెండో బ్రాంచి పనిలో ఉన్నన్నాళ్లూ మనం పులుసు తాగాల్సిందే. మంచి గింజ 250 గ్రాముల ప్యాకెట్ ఐదొందల చుట్టుపక్కల దొరుకుతోంది. ఆ లెక్కన ఒక డబుల్ షాట్‌కు పట్టే పొడి ఖరీదు నలభై రూపాయల లోపే. రోజూ నాలుగు పారబోసినా ఒక కాపచినో డబ్బులు కూడా కావు.

ఓనర్ల వాదన తెలిసిందే. అద్దెలు మండిపోతున్నాయి, ఒక్క కాఫీతో ల్యాప్‌టాప్ ముందేసుకుని సాయంత్రం దాకా కూర్చుంటారు, ఎస్ప్రెస్సో అడిగేవాడే ఉండడు. నిజమే. కానీ వాళ్లు అమ్మే కాపచినోకీ, లాటేకీ ఆధారం ఆ షాటే కదా!

గింజను అనడానికి వీల్లేదు. భారతీయ కాఫీని అందరికంటే ఎక్కువగా కొంటున్నది ఇటలీయే. మన రోబస్టా రకం గింజ వాళ్ల ఎస్ప్రెస్సో మిశ్రమాల్లోకి వెళ్తోంది. అరకులో పండే అరబికా రకానికి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు కాఫీ షాపు తెరిచారు. పండించడం మనకు చేతనైంది. ఆఖరి ముప్పై సెకన్ల దగ్గరే చేతులెత్తేస్తున్నాం.

ఇదే ఊళ్లో ఇరానీ హోటల్ చాయ్ మాస్టర్‌ను చూడండి. డికాక్షన్ ఎంతసేపు మరగాలో, పాలు ఎంత చిక్కబడాలో ఆయన ఇష్టం. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సేఠ్ వచ్చి పాఠాలు చెప్పడు. కెఫేలో ఏప్రాన్ కట్టుకున్న కుర్రాడికి ఆ మర్యాద ఎందుకు లేదు?

ఎందుకంటే మనకు యంత్రం మీదున్న నమ్మకం దాన్ని నడిపే మనిషి మీద లేదు. ఇది కాఫీతో ఆగే సంగతి కాదు. 2021లో కొవిడ్ రెండో వేవ్‌లో, వెంటిలేటర్లు ఉండి కూడా నడిపే శిక్షణ ఉన్నవాళ్లు లేక దేశంలో ఎన్నో ఆసుపత్రుల్లో అవి మూలన పడ్డాయి. కొన్నదానికి ఫొటోలు వస్తాయి, నేర్పినదానికి రావు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎన్ని ల్యాబుల్లో పరికరాలు కవర్లు కప్పుకుని ఉంటాయో అక్కడ చదివినవాళ్లను అడగండి. పాడైపోతాయని పిల్లల్ని చెయ్యి వెయ్యనివ్వరు. ఇన్‌స్పెక్షన్ రోజున కవర్లు తీస్తారు, సాయంత్రానికి మళ్లీ కప్పేస్తారు. అలాంటి కాలేజీ నుంచి వచ్చి కెఫే కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రాడికి, గ్రైండర్ ముట్టుకోవద్దంటే కొత్తగా ఏమీ అనిపించదు.